ముడి ధాన్యపు బిస్కెట్లు ఇంట్లో చేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో మా ఇంట్లో గోధుమలు, రాగులు, జొన్నలు, కొర్రలతో బిస్కెట్లు కాల్చడం మొదలుపెట్టిన నాటి నుంచి బంధువులూ ఇరుగుపొరుగు వారూ మళ్లీ మళ్లీ అడుగుతూ వచ్చిన ప్రశ్నలకు సమాధానాలను ఇక్కడ ఒక చోట చేర్చాను. ఇందులోని కొలతలన్నీ ఇంటి ఓవెన్‌లోనూ గ్యాస్ పొయ్యి మీదా పలుమార్లు చేసి చూసినవే. పిండికి సంబంధించిన జవాబులు మిగతా వాటికంటే పొడుగ్గా ఉంటాయి, ఎందుకంటే ముడి ధాన్యపు బిస్కెట్టులో కనిపించే మంచీ చెడూ సగానికి పైగా పిండి నుంచే వస్తాయని నా అనుభవం.

ముడి ధాన్యం అని దేన్ని అంటారు?

ఏ ధాన్యపు గింజలోనైనా మూడు భాగాలు ఉంటాయి: పైన తవుడు పొర, లోపల పిండి పదార్థం, ఒక కొసన మొలకెత్తే అంకురం. ఈ మూడూ గింజలో ఉన్న పాళ్లలోనే పిండిలోకి వస్తే అది ముడి ధాన్యపు పిండి. గోధుమ నుంచి తవుడునూ అంకురాన్నీ తీసేసి మిగిలిన తెల్లటి భాగాన్ని మెత్తగా మర ఆడితే మైదా అవుతుంది. పీచు, ఇనుము, బి విటమిన్లు ఎక్కువగా ఉండేది తీసేసిన ఆ భాగాల్లోనే.

మన ప్రాంతపు ధాన్యాల విషయంలో ఒక తేడా గుర్తుంచుకోవాలి. రాగి గింజకు పైపొర ఎంత గట్టిగా అంటుకుని ఉంటుందంటే దాన్ని ఇంట్లో గానీ మామూలు మరలో గానీ విడదీయడం కుదరదు, కాబట్టి జల్లించి పారేయనంతవరకు రాగి పిండి ఎప్పుడూ ముడి పిండే. జొన్న, సజ్జ కూడా సాధారణంగా పైపొరతోనే మర పడతాయి. కొర్ర, సామ, అరికలకు మాత్రం తినడానికి వీలుకాని పొట్టు ఉంటుంది. దాన్ని తీసి తీరాలి. పొట్టు తీసిన తర్వాత లోపలి తవుడును కూడా నునుపు పట్టి తొలగిస్తేనే అవి ముడి ధాన్యం కాకుండా పోతాయి. కొర్రబియ్యం కొనేటప్పుడు మరీ తెల్లగా మెరుస్తున్నవి వదిలేసి, కొంచెం పసుపు రంగులో, మెరుపు లేకుండా ఉన్నవి ఎంచుకోండి.

దుకాణంలో దొరికే గోధుమ బిస్కెట్లు, రాగి బిస్కెట్లు సరిపోవా?

ప్యాకెట్టు ముందువైపు బొమ్మను చూడకుండా వెనక్కి తిప్పి చూడండి. మన దేశపు ఆహార లేబుల్ నిబంధనల ప్రకారం పదార్థాలను బరువులో ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదాని వరకు వరుసగా రాయాలి. మొదటి పేరు శుద్ధి చేసిన గోధుమ పిండి అని ఉంటే అది మైదా. రాగి పేరు చక్కెర తర్వాతనో నూనె తర్వాతనో వస్తే అందులో రాగి నామమాత్రమే. మొదటి పేరే ముడి ధాన్యమైతే నిశ్చింతగా కొనుక్కోవచ్చు.

ఏ ధాన్యంతో మొదలుపెట్టాలి?

మొదటిసారి చేసేవారు మూడు వంతుల గోధుమ పిండి, ఒక వంతు రాగి పిండి కలిపి చేయడం మంచిది. గోధుమలో గ్లూటెన్ ఉంటుంది, అది ముద్దను పట్టి ఉంచుతుంది. చిరుధాన్యాలలో గ్లూటెన్ లేదు, అందుకే వాటి వంతు పెరిగేకొద్దీ ముద్ద విరుగుతూ ఉంటుంది. అయితే బిస్కెట్టుకు రొట్టెకు కావలసినంత పట్టు అక్కర్లేదు, చపాతీలాంటి సాగుడు వస్తే బిస్కెట్టు గట్టిపడుతుంది కూడా. చేయి తిరిగిన తర్వాత సగానికి సగం వరకు చిరుధాన్యం కలపవచ్చు.

రాగి పిండిని తప్పకుండా ముందుగా వేయించాలి. మందపాటి బాణలిలో సన్నని సెగ మీద ఐదారు నిమిషాలు కలుపుతూ ఉంటే మొదట పచ్చి మట్టి లాంటి వాసన వస్తుంది, ఆ తర్వాత పిండి తేలికపడి, గరిటెకు అంటకుండా జారుతూ, కమ్మటి వాసన మొదలవుతుంది. అక్కడే దించేయాలి, ఇంకో నిమిషం ఉంచితే చేదు వస్తుంది.

జొన్న పిండి సంగతి జొన్న రొట్టె చేసేవారికి వేరుగా చెప్పనక్కర్లేదు. పాత పిండితో రొట్టె అంచులు ఎలా చీలుతాయో బిస్కెట్టు అంచులూ అలాగే చీలుతాయి, వేడి నీళ్లు పోస్తే రొట్టె ఎలా కుదురుకుంటుందో ఇక్కడ వేడి పాలు పోస్తే అలాగే కుదురుకుంటుంది. వేడికి జొన్నలోని పిండి పదార్థం కొంత ఉడికి జిగురు కడుతుంది, ఆ జిగురే గ్లూటెన్ చేసే పనిలో కొంత చేస్తుంది.

కొర్ర పిండి ఇసుకలా పంటికి తగులుతుందని చాలామంది వదిలేస్తారు. కొర్రబియ్యాన్ని కడిగి, రెండు మూడు గంటలు నానబెట్టి, బట్ట మీద నీడన పూర్తిగా ఆరబెట్టి మర పట్టిస్తే ఆ బరక చాలావరకు పోతుంది. కొర్ర మన సీమకు కొత్తగా వచ్చిన పంట కాదు. నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానం నుంచి వచ్చిన సూర్యనంది వంటి రకాలు ఇక్కడి నేలల్లోనే పండుతున్నాయి. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపిన తర్వాత పట్టణాల్లోనూ కొర్రబియ్యం సులువుగా దొరుకుతోంది. చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో 1990 నుంచి పనిచేస్తున్న టింబక్టు కలెక్టివ్ వంటి సంస్థలు రైతుల చేత రసాయనాలు లేకుండా చిరుధాన్యాలు పండించే పనిని ఏళ్ల తరబడి ముందుకు తీసుకువెళ్తున్నాయి.

పిండి ప్యాకెట్టు కొనాలా, మర పట్టించుకోవాలా?

వీలున్నవారు మర పట్టించుకోవడమే మేలు. అంకురంలో నూనె ఉంటుంది. గింజ నిండుగా ఉన్నంతకాలం ఆ నూనె భద్రంగా ఉంటుంది, కానీ గింజ పగిలి పిండి అయిన క్షణం నుంచి దానికి గాలి తగులుతుంది, గింజలోని ఎంజైములు కూడా ఆ నూనె మీద పనిచేయడం మొదలుపెడతాయి. అందుకే మైదా నెలల తరబడి నిలుస్తుంది, ముడి పిండి నిలవదు. మన ఎండలకు ఈ మార్పు మరింత త్వరగా జరుగుతుంది.

అన్నిటికంటే త్వరగా చెడేది సజ్జ పిండి. ఒక వేసవిలో మూడు వారాల కిందటి సజ్జ పిండితో రెండు పళ్లేల బిస్కెట్లు కాల్చాను. నెయ్యీ బెల్లమూ యాలకులూ అన్నీ మంచివే వాడినా నోట్లో పెట్టుకున్న కొద్దిసేపటికి నాలుక చివర చేదు మిగిలింది, అన్నీ పారేయాల్సి వచ్చింది. ఆ పిండిని చిటికెడు ముందే నోట్లో వేసుకుని చూసి ఉంటే ఆ నెయ్యి దక్కేది. అప్పటి నుంచి ఏ పిండి అయినా కలిపే ముందు రుచి చూడటం అలవాటు చేసుకున్నాను, మీరూ చేసుకోండి. సజ్జ పిండిని వారంలోపు వాడేయాలి. గోధుమ, రాగి, జొన్న పిండ్లను మూడు నాలుగు వారాలకు సరిపడా మాత్రమే పట్టించుకోవాలి, ఇంకా ఎక్కువ ఉంటే గట్టి మూత డబ్బాలో ఫ్రిజ్‌లో ఉంచాలి.

మర దగ్గర రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, మీకంటే ముందు ఏం ఆడారో అడగడం. మిరపకాయలో ధనియాలో ఆడిన రాయిలోనే మీ రాగులు పోస్తే ఆ ఘాటు బిస్కెట్టులో తప్పకుండా తెలుస్తుంది, ఒకసారి మా పిల్లలు గొంతు మంటని బిస్కెట్లు తినకుండా వదిలేశారు. ముందుగా ఒక గుప్పెడు గింజలు పోయించి, ఆ పిండిని పక్కన పెట్టి, తర్వాత మిగతావి పోయించండి. రెండవది, మర నుంచి వచ్చిన పిండి చేయి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. దాన్ని అలాగే డబ్బాలో మూత పెడితే లోపల చెమ్మ పట్టి ఉండలు కడుతుంది. ఇంటికి రాగానే వెడల్పాటి తాంబాళంలో పరచి, పూర్తిగా చల్లారిన తర్వాతే డబ్బాకు ఎత్తాలి.

పిండిని జల్లించాలా?

రాళ్లూ ఉండలూ తీయడానికి జల్లించండి, కానీ జల్లెడలో మిగిలిన తవుడును మళ్లీ పిండిలోనే కలిపేయండి.

ప్రాథమిక కొలత, చేసే పద్ధతి ఏమిటి?

గోధుమ పిండి 150 గ్రాములు, వేయించి చల్లార్చిన రాగి పిండి 50 గ్రాములు, పొడి చేసి జల్లించిన బెల్లం 90 గ్రాములు, పేరుకున్న నెయ్యి 90 గ్రాములు, పాలు రెండు నుంచి మూడు పెద్ద చెంచాలు, బేకింగ్ పౌడర్ అర చిన్న చెంచా, ఉప్పు పావు చిన్న చెంచా, నాలుగు యాలకుల పొడి. ఇంతటితో ఐదు సెంటీమీటర్ల వెడల్పు, అర సెంటీమీటరు మందం ఉన్న బిస్కెట్లు దాదాపు 30 వస్తాయి. గిన్నెల లెక్క కంటే తూకం మీద ఆధారపడండి, ఎందుకంటే ఒకే గిన్నెలో అదిమి పోసిన పిండికీ వదులుగా పోసిన పిండికీ చాలా తేడా వస్తుంది.

నెయ్యినీ బెల్లం పొడినీ తెల్లబడేవరకు చేత్తో గానీ గరిటెతో గానీ గిలక్కొట్టండి. పిండ్లు, బేకింగ్ పౌడర్, ఉప్పు, యాలకుల పొడిని విడిగా బాగా కలిపి అందులో వేసి, వేళ్ల కొసలతో నలపండి. గుప్పెట్లో పట్టి నొక్కితే ఉండలా నిలవాలి, బొటనవేలితో తాకితే విరగాలి. అప్పుడు పాలు చెంచా చెంచాగా చల్లి ముద్ద చేయండి. ఈ దశలో చపాతీ పిండిలా మర్దించకూడదు, కలిస్తే చాలు.

తర్వాత చేయవలసిన పని ముద్దను మూతపెట్టి అరగంట పక్కన ఉంచడం. తవుడు నీటిని ఆలస్యంగా పీల్చుకుంటుంది. కలిపిన వెంటనే తడిగా అనిపించిన ముద్ద అరగంటకు సరిగ్గా కుదురుతుంది, కలిపిన వెంటనే సరిపోయిందనిపించినది అరగంటకు పొడిబారుతుంది. అందుకే మొదట కాస్త మెత్తగానే కలపాలి. చాలామంది ఈ అరగంటను దాటేసి, ముద్ద చేతికి అంటుతోందని ఇంకొంచెం పిండి చల్లి, ఆ తర్వాత బిస్కెట్లు గొంతు దిగడం లేదని బాధపడుతుంటారు.

రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య ముద్దను ఉంచి అర సెంటీమీటరు మందాన ఒత్తి, గ్లాసు అంచుతో గుండ్రంగా కోసి, ప్రతి దాని మీదా ఫోర్కుతో గుచ్చండి. ఆ రంధ్రాల గుండా ఆవిరి బయటికి పోతుంది కాబట్టి బిస్కెట్టు మధ్యలో పొంగకుండా సమంగా కాలుతుంది. ముందుగా వేడి చేసిన ఓవెన్‌లో 165 డిగ్రీల సెల్సియస్ వద్ద 18 నుంచి 20 నిమిషాలు ఉంచండి. రాగి కలిసిన బిస్కెట్టు మొదటి నుంచీ గోధుమ రంగులోనే ఉంటుంది కనుక రంగును బట్టి కాలిందో లేదో చెప్పలేం. అంచును నెమ్మదిగా ఎత్తి చూస్తే అడుగు ఆరిపోయి, పళ్లెం నుంచి విడివడి రావాలి. బయటికి తీసినప్పుడు మెత్తగానే ఉంటాయి, చల్లారితేనే కరకరలాడతాయి. మెత్తగా ఉన్నాయని మళ్లీ లోపల పెట్టకండి.

నెయ్యి బదులు వెన్న, నూనె, డాల్డా వాడవచ్చా?

బజారు వెన్నలో దాదాపు 80 శాతం కొవ్వు, మిగతాది ఎక్కువగా నీరే. కాబట్టి 90 గ్రాముల నెయ్యికి బదులు 110 గ్రాముల వెన్న తీసుకుని పాలు ఒక చెంచా తగ్గించండి. నూనె అయితే మన ఊరి గానుగ వేరుశనగ నూనె రుచిగా ఉంటుంది, 75 గ్రాములు చాలు. అయితే బిస్కెట్టు గుల్లగా రాదు, పటుక్కుమని విరిగేలా వస్తుంది. వనస్పతి నేను వాడను. 2022 జనవరి నుంచి నూనెలూ కొవ్వులలో ట్రాన్స్ కొవ్వు 2 శాతం మించకూడదన్న నిబంధన వచ్చింది కాబట్టి మునుపటంత హాని లేకపోవచ్చు, కానీ ముడి ధాన్యం కోసం ఇంత శ్రమపడి అందులో రుచి లేని కొవ్వు కలపడం నాకు ఇష్టం లేదు.

బెల్లం, చక్కెరలలో ఏది మంచిది?

రుచి కోసమైతే బెల్లం. రాగికీ జొన్నకూ బెల్లం కుదిరినట్టు చక్కెర కుదరదు. ఆరోగ్యం కోసమైతే రెండింటికీ పెద్ద తేడా లేదని నిజాయతీగా చెప్పాలి. బెల్లంలోనూ అధిక భాగం చక్కెరే. బెల్లం గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది, కాబట్టి ఎండు బెల్లాన్ని తురిమి, గంటసేపు పొడి గాలికి ఆరబెట్టి, జల్లించి వాడండి. పాకం పట్టి పోస్తే బిస్కెట్టు గట్టిపడుతుంది.

ఓవెన్ లేదు. పొయ్యి మీద చేయవచ్చా?

చేయవచ్చు. అడుగు మందంగా ఉన్న పాత ఇనుప బాణలిలో రెండు సెంటీమీటర్ల మందాన ఉప్పు గానీ కడిగి ఎండబెట్టిన ఇసుక గానీ పరచి, దాని మీద చిన్న స్టాండు పెట్టి, బిగువైన మూతతో మధ్యస్థ మంట మీద 12 నిమిషాలు వేడి చేయండి. తర్వాత బిస్కెట్ల పళ్లెం లోపల పెట్టి, సన్నని మంట మీద 22 నుంచి 25 నిమిషాలు ఉంచాలి. మూత లోపలివైపు బట్ట కడితే ఆవిరి చుక్కలు బిస్కెట్ల మీద పడవు. బట్ట కొసలు మంటకు అందకుండా పైకి ముడివేయండి. ప్రెషర్ కుక్కర్‌ను ఇలా నీళ్లు లేకుండా వేడిచేయడం దానికి మంచిది కాదు, వాడక తప్పకపోతే పాతదాన్ని రబ్బరు, విజిల్ రెండూ తీసేసి వాడండి. నాన్‌స్టిక్ పాత్రలను మాత్రం అసలు వాడవద్దు.

ఓవెన్‌లో చెప్పిన వేడే పెట్టినా ఒక్కోసారి పచ్చిగా ఉంటున్నాయి. ఎందుకు?

వోల్టేజీ తగ్గడం ఒక కారణం కావచ్చు. వేడి చేసే తీగ శక్తి వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని దానితోనే హెచ్చవేస్తే వచ్చేదాన్ని) బట్టి మారుతుంది కాబట్టి, 230 వోల్టులకు బదులు 200 వోల్టులే వస్తుంటే వేడి దాదాపు పావు వంతు తగ్గిపోతుంది. మోటార్లు ఆడే వేళల్లో పల్లెల్లో ఇది మామూలే. అలాంటప్పుడు ఓవెన్‌ను ముందుగా వేడి చేసే సమయం పది నిమిషాల నుంచి ఇరవైకి పెంచాలి. ఓవెన్ లోపల పెట్టే చిన్న థర్మామీటరు ఒకటి కొనుక్కుంటే మీట మీది అంకెకూ లోపలి వేడికీ ఎంత తేడా ఉందో తెలిసిపోతుంది.

ఎండాకాలంలో ముద్ద జారిపోతోంది, ఏం చేయాలి?

ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, నెయ్యి నూనెలా ఉంటుంది. కరిగిన నెయ్యితో కలిపిన బిస్కెట్టు కాలేటప్పుడు పరుచుకుపోతుంది. ముందురోజు రాత్రే నెయ్యిని కొలిచి ఫ్రిజ్‌లో పెట్టి, తెల్లవారుజామున కలిపి, కోసిన బిస్కెట్లను పళ్లెంతో సహా ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి కాల్చండి. మిట్టమధ్యాహ్నం మాత్రం ఈ పని పెట్టుకోవద్దు.

బిస్కెట్లు రాయిలా వస్తున్నాయి, లేదా చేతిలోనే పొడి అవుతున్నాయి.

రాయిలా వస్తే ముద్దను ఎక్కువ పిసికి ఉంటారు, లేదా నెయ్యి తగ్గించి ఆ లోటును నీళ్లతో పూడ్చి ఉంటారు. పొడి అవుతుంటే ముద్దకు విశ్రాంతి చాలలేదు, లేదా చిరుధాన్యం వంతు ఎక్కువైంది. ఇంకో చెంచా వేడి పాలు చల్లి పదిహేను నిమిషాలు ఆగండి. సబ్బు రుచి వస్తే బేకింగ్ పౌడర్ గానీ వంట సోడా గానీ ఎక్కువైనట్టే.

చెనిక్కాయలు (వేరుశనగలు) కలపవచ్చా?

అనంతపురంలో ఉండి చెనిక్కాయలు కలపకపోతే ఎలా? వేయించి, పొట్టు ఊది, బరకగా దంచిన గింజలు 50 గ్రాములు కలిపి, నెయ్యి 15 గ్రాములు తగ్గించండి. అయితే గింజలను ఒక్కొక్కటిగా చూసి ఏరాలి. బూజు పట్టినవి, ముడుచుకున్నవి, రంగు మారినవి తీసి పారేయాలి. బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ కాలేయానికి హాని చేస్తుంది, వేయించినా కాల్చినా అది పూర్తిగా పోదు. అలాంటివి కొన్నేగదా అని ఊరుకోకండి.

మధుమేహం ఉన్నవారు, చిన్నపిల్లలు తినవచ్చా?

పై కొలత ప్రకారం ఒక్కో బిస్కెట్టులో మూడు గ్రాముల బెల్లం, మూడు గ్రాముల నెయ్యి, దాదాపు 60 కిలోకేలరీలు ఉంటాయి. ముడి ధాన్యమైనంత మాత్రాన ఇది మందు కాదు. మధుమేహం ఉన్నవారు తమ వైద్యుడు చెప్పిన ఆహారపు లెక్కలో దీన్ని కూడా చేర్చుకుని ఒకటో రెండో తినాలి. రాగిలో 100 గ్రాములకు దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్న మాట నిజమే, కానీ ఒక్కో బిస్కెట్టులోకి వచ్చేది రెండు గ్రాముల లోపు రాగి పిండి. పిల్లలకు కాల్షియం కావాలంటే సంగటి ముద్ద పెట్టండి, బిస్కెట్టును సాయంత్రపు చిరుతిండిగానే ఇవ్వండి.

గోధుమ పడనివారికి ఎలా చేయాలి?

రాగి, జొన్న పిండ్లు సగం సగం తీసుకుని, ఒక పెద్ద చెంచా అవిసె గింజల పొడిని మూడు చెంచాల నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి ఆ జిగురుతో కలపండి. గ్లూటెన్ అసలు పడని సీలియాక్ వ్యాధి ఉన్నవారికైతే గోధుమ ఆడే మరలో పట్టించిన పిండి కూడా ప్రమాదమే. వారి గింజలను ఇంట్లో మిక్సీలోనే ఆడుకోవాలి.

ఎన్ని రోజులు నిలవ ఉంటాయి?

పూర్తిగా చల్లారాక గట్టి మూత స్టీలు డబ్బాలో పెడితే పన్నెండు నుంచి పదిహేను రోజులు. వానాకాలంలో మెత్తబడితే 140 డిగ్రీల వద్ద ఐదారు నిమిషాలు వేడి చేసి చల్లార్చండి, కరకరలాడతాయి. వాసన మారితే మాత్రం మళ్లీ వేడి చేసి లాభం లేదు.

మా పిండి ఇస్తే బేకరీలో కాల్చి ఇస్తారా?

చాలా బేకరీల్లో ఇస్తారు. మా చిన్నతనంలో దసరా సెలవులకు పిండి, చక్కెర, నెయ్యి మూడూ మూడు డబ్బాల్లో పట్టుకెళ్లి, బట్టీ ముందు అరుగు మీద కూర్చుని మా వంతు కోసం ఎదురుచూసేవాళ్లం. ఇప్పుడూ అలా చేయించుకోవచ్చు, కానీ ముందే మూడు మాటలు స్పష్టంగా చెప్పాలి: మైదా కలపవద్దు, డాల్డా కలపవద్దు, కలిపిన తర్వాత అరగంట ఆగి ఒత్తాలి. పలుచని బిస్కెట్లకు బేకరీవారు పొంగడం కోసం అమ్మోనియా పొడి వాడితే అభ్యంతరం పెట్టనక్కర్లేదు, అది బట్టీ వేడికి పూర్తిగా ఆవిరైపోతుంది. రద్దీ లేని వేళ, మైదా పనులు మొదలవని పొద్దున్నే వెళ్లండి, బల్ల మీద చల్లుకోవడానికి కూడా మీ గోధుమ పిండినే ఒక గుప్పెడు విడిగా తీసుకెళ్లి ఇవ్వండి.